కప్పుకున్న దుప్పటే పట్టించింది

బొటనవేలి గోరుకు రెండింతలుంటుంది ఆ ప్లాస్టిక్ బిళ్ల. నడుమ ఒక గుంట, గుంటలో పసుపుపచ్చ జిగురు. నర్సమ్మ సూది మొన మీదున్న ముక్కను అందులోకి అదిమింది. మా చిన్నాయన కడుపులోంచి అప్పుడే తీసిన ముక్క అది. ముక్క అనడం కూడా ఎక్కువే, జొన్న నూకలో సగం ఉంటుంది. పైన మూత అంటించి, పేరూ టైమూ రాసి, బిళ్లను గుప్పిట్లో పెట్టుకుంది. "వెచ్చగుంటే జల్ది చెప్తది" అంది.

పక్క బెంచీ మీద చిన్నాయన గుటక వేయలేక అవస్థ పడుతున్నాడు. గొంతు మొద్దుబారడానికి కొట్టిన మందు ఇంకా దిగలేదు. బొంరాస్‌పేట నుంచి చీకటితో బయలుదేరి, పరిగి మీదుగా బస్సులో పరగడుపున వచ్చినవాడు. పొట్టలోకి పోయిన గొట్టం గురించి ఆయన ఒక్క మాటా అనలేదు. పొద్దుటి నుంచి చాయ తాగనివ్వలేదన్నదే ఆయన గోస.

కాసేపటికి గుప్పిట విప్పింది. ముక్క చుట్టూ సన్నగా గులాబీ వలయం. మళ్లీ చూసేసరికి వలయం వెడల్పైంది. పావుగంటకు గుంటంతా గులాబీ, పసుపు ఆనవాలు కూడా మిగల్లేదు.

నేను రాయబోయేది ఆ బిళ్ల గురించే. ఆస్పత్రి భాషలో ఆర్‌యూటీ, అంటే రాపిడ్ యూరియేజ్ టెస్ట్. లక్షలు పోసి కొన్న ఎండోస్కోపీ యంత్రం పక్కన అది చొక్కా గుండీలా కనిపిస్తుంది. అయినా ఆ గదిలో నన్ను కట్టిపడేసిన పనితనం దానిదే.

అందులో ముఖ్యంగా ఉండేవి మూడే: జిగురు, యూరియా, ఫినాల్ రెడ్ అనే రంగు. ఫినాల్ రెడ్ పులుపు తగిలినంతసేపు పసుపుగా ఉంటుంది, క్షారం తగిలితే గులాబీకి తిరుగుతుంది. పసుపునీళ్లలో సున్నం కలిపి ఎర్రనీళ్లు చేసి దిష్టి తీసే ఇళ్లవాళ్లకు ఈ కిటుకు కొత్తదేమీ కాదు. పసుపు మరకైన పంచెకు సబ్బు రుద్దినప్పుడు మరక ఎర్రబారడం కూడా ఇదే లెక్క. మరి ఇక్కడ సున్నం ఎవరు కలిపారు? పొట్ట నిండా ఆమ్లమే కదా, అందులోంచి తీసిన ముక్క నుంచి క్షారం ఎలా ఊరింది?

కలిపింది హెలికోబ్యాక్టర్ పైలోరి. మిల్లీమీటరులో మూడు వందల వంతు పొడవు, మరమేకులా మెలి తిరిగిన ఒళ్లు, ఒక కొసన నాలుగైదు తోకలు. ప్రపంచంలో సుమారు సగం మంది కడుపుల్లో ఇది కాపురం ఉందని చాలాకాలంగా లెక్క. ఎక్కువ మందికి అది ఉన్నట్టు కూడా తెలియదు. ఆఫ్రికా నుంచి మనుషులు దేశాలు పట్టిపోయినప్పుడే, అంటే సుమారు 58 వేల ఏళ్ల కిందటే, ఇది మన కడుపుల్లో ఉందని 2007లో జన్యువుల లెక్క కట్టి చెప్పారు. అదే ఏడాది హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ శాస్త్రవేత్తలు మనదేశపు హెచ్. పైలోరి జన్యువులను పరిశీలించి, వాటి మూలం యూరప్ రకాలతో కలుస్తుందని తేల్చారు.

పొట్టలోని ఆమ్లం నిమ్మరసం కంటే ఘాటు. అన్నంతో పాటు లోపలికి పోయిన సూక్ష్మజీవులు చాలావరకు అక్కడే చస్తాయి. ఇది మాత్రం బతుకుతుంది. బతకడానికి అది వాడుకునే సరుకు మా చిన్నాయనకు బాగా తెలిసినదే, యూరియా. కందికి దాంతో పెద్ద పని లేదు కానీ, బోరు కింది వరికీ చెలకలోని పత్తికీ చల్లుతాడు. చల్లి నీళ్లు పెట్టకుండా వదిలేస్తే తడి నేల మీద ఘాటు వాసన లేస్తుంది. మట్టిలోని సూక్ష్మజీవులు యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను విరిచి అమోనియా చేస్తాయి, పైసలు పెట్టి కొన్న నత్రజని గాలిలో కలుస్తుంది. మనిషి ఒంట్లోనూ యూరియా ఉంది. నెత్తుటిలో తిరుగుతూ కొంచెం కొంచెంగా పొట్టలోకి ఊరుతుంది. పైలోరి చేసేదీ మట్టిలోని జీవులు చేసే పనే. ఆ యూరియాను విరిచి అమోనియా చేసుకుని, దాన్ని దుప్పటిలా ఒంటికి చుట్టుకుంటుంది. ఆమ్లం ఆ దుప్పటి దాకా వచ్చి చల్లారిపోతుంది.

ఇంతవరకు పుస్తకాల్లో ఉన్నదే. నాకు ముచ్చట కలిగించేది ఆ తర్వాతి వివరం. తన ఒంట్లోని ప్రొటీన్లలో పదో వంతు దాకా ఈ జీవి ఈ ఒక్క ఎంజైము కోసమే ఖర్చు పెడుతుంది. అంత అమోనియా చేస్తే ఇంకో ప్రమాదం ఉంది, చుట్టూ ఆమ్లం లేని సమయంలో తన క్షారానికి తానే చస్తుంది. అందుకని యూరియా లోపలికొచ్చే దారికి ఒక తలుపు పెట్టుకుంది. ఆ తలుపు పులుపు తగిలితేనే తెరుచుకుంటుంది, పులుపు తగ్గగానే మూసుకుంటుంది. బోర్లకు ఆటో స్టార్టరు బిగించుకునే మన రైతులకు దీని విలువ చప్పున తెలుస్తుంది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని చోట మనిషి కాపలా లేకుండా నడిచే మోటారు అది.

ఇంకోటి. పొట్ట లోపలి గోడ మీద జిగట పొర ఉంటుంది. ఆమ్లంలో అది గడ్డపెరుగులా గట్టిగా ఉంటుంది. తోకలు ఎంత ఆడించినా పెరుగులో ఈదడం కుదరదు. పైలోరి మర తిప్పినట్టు దాన్ని తొలుచుకుంటూ పోతుందని చాలాకాలం అనుకున్నారు, దాని మెలికల ఒళ్లు చూసి. 2009లో తెలిసిన సంగతి వేరు. అది అమోనియా వదులుతుంది, పులుపు విరిగిన చోట పెరుగు మజ్జిగవుతుంది, ఆ మజ్జిగలో హాయిగా ఈదుకుంటూ పోతుంది. అంత దూరం పోయి గోడకు ఆనుకుని ఉంటే ఆమ్లం బాధ తక్కువ. దొంగతనమే కావచ్చు, పనిమంతుడి దొంగతనం.

నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. గోడ వాస్తుంది. ఒంటి కాపలా కణాలు వచ్చి కొట్లాడతాయి కానీ, జిగట పొర వెనకున్న శత్రువు చేతికి చిక్కదు, కొట్లాట ఏళ్ల తరబడి సాగుతుంది. కొందరిలో ఆమ్లం హెచ్చి చిన్నపేగు మొదట్లో పుండు పడుతుంది. కొందరిలో పొట్ట గోడే పలచబడి, ఆమ్లం చేసే గ్రంథులు ఎండిపోతాయి. ఆమ్లం లేకపోతే ఇనుము సరిగా ఒంటపట్టదు, బి12 తగ్గుతుంది, తిన్న తిండికీ మొహంలోని పాలిపోయిన రంగుకూ పొంతన కుదరదు. కొద్దిమందిలో అది పొట్ట క్యాన్సర్ దాకా పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింది క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. చిన్నాయన మాత్రం పదేళ్లుగా తన బాధకు "గ్యాసు" అని పేరు పెట్టుకుని, కారం తగ్గించుకుని, పచ్చిపులుసు మానుకుని, పాపం మిరపకాయ మీద నింద మోపి కూర్చున్నాడు.

బిళ్ల దగ్గరికి తిరిగొస్తాను. దాని వెనక దశాబ్దాల చేతిపని ఉంది. మొదటి చెయ్యి జేమ్స్ సమ్నర్‌ది, అదీ ఒంటి చెయ్యే. అమెరికా కుర్రాడు, పుట్టుకతో ఎడమచేతి వాటం. పదిహేడో ఏట వేటలో తుపాకి పేలి ఆ ఎడమచెయ్యే పోయింది. కుడిచేత్తో అన్నీ మళ్లీ నేర్చుకున్నాడు. హార్వర్డ్‌లో ఒట్టో ఫోలిన్ దగ్గర చదవబోతే, ఒంటిచేతి మనిషికి కెమిస్ట్రీ కుదరదు, లా చదువుకోమని ఆ ప్రొఫెసర్ హితవు చెప్పాడు. సమ్నర్ వినలేదు. 1917లో కార్నెల్‌లో యూరియేజ్ వెంట పడ్డాడు. మన పందిళ్ల మీద పాకే తమ్మకాయకు దగ్గరి చుట్టమైన ఒక చిక్కుడు గింజల పిండిలో అది దండిగా ఉంటుంది. పిండిని ఆల్కహాలు కలిపిన నీళ్లలో నానబెట్టి వడగట్టి, ఐసు పెట్టె లేక, ఆ గాజుపాత్రలను కిటికీ గట్టు మీద పెట్టి చలి రావాలని ఎదురుచూసేవాడు. తొమ్మిదేళ్లు అలా పోయాయి. 1926లో ఆల్కహాలు బదులు అసిటోన్ వాడి, రాత్రంతా చల్లటి చోట ఉంచి, పొద్దున ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే చిన్న చిన్న స్ఫటికాలు మెరిశాయి. ఎంజైము అనేదాన్ని పట్టుకుని, స్ఫటికం చేసి, ఇది ప్రొటీనే అని చూపించడం అదే మొదలు. జర్మనీ పెద్దలు చాలాకాలం నమ్మలేదు. 1946లో నోబెల్ వచ్చింది. యూరియేజ్ లోపల నికెల్ పరమాణువులున్నాయని 1975లో బ్రిస్బేన్ వాళ్లు కనిపెట్టారు, అదీ ఆ చిక్కుడు యూరియేజ్‌లోనే.

ఫోలిన్ పేరు చదవగానే నాకు ఇంకొకాయన గుర్తొస్తాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. సమ్నర్‌ను వెనక్కి పంపబోయిన ఆ ఫోలిన్ శాఖలోనే, సైరస్ ఫిస్క్ పక్కన నిలబడి ఆయన పనిచేశాడు. 1925లో ఫిస్క్-సుబ్బారావు పద్ధతి వచ్చింది. నెత్తుటిలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలి రంగు చిక్కదనాన్ని బట్టి చెప్పే పద్ధతి అది. రంగును సాక్ష్యానికి పిలవడంలో వాళ్లది అందెవేసిన చెయ్యి. ఒకరు గింజల పిండిలోంచి ఎంజైమును లాగితే ఇంకొకరు నీలంలోంచి అంకెను లాగారు. నేను చూసిన గులాబీ బిళ్లకు ఈ ఇద్దరూ పెదతాతల వరసవుతారు.

పొట్టలో యూరియేజ్ ఉందన్న సంగతి కూడా కొత్తది కాదు. 1924లోనే లక్, సేథ్ అనే ఇద్దరు చూశారు. అది పొట్ట తానే చేసుకునే ఎంజైమని అందరూ అనుకున్నారు. 1950ల చివర్లో చార్లెస్ లీబర్ యాంటీబయాటిక్ ఇచ్చి చూస్తే పొట్టలో అమోనియా మాయమైంది. అంటే లోపల ఎవరో అద్దెకుంటున్నారని తేలినట్టే. అప్పటికీ ఎవరూ తలుపు కొట్టలేదు. ఆమ్లంలో జీవి బతకదన్న నమ్మకం అంత గట్టిది.

తలుపు కొట్టింది పెర్త్‌లో రాబిన్ వారెన్. 1979 జూన్‌లో, మామూలు రంగుల్లో మసకగా కనిపించినవాటికి వెండి రంగు పట్టించి చూశాడు. గోడ పొడుగునా నల్లగా వంకర గీతలు తేలాయి. బారీ మార్షల్ వచ్చి కలిశాడు. వాటిని పెంచబోతే పెరగలేదు. 1982 ఈస్టర్ సెలవుల్లో పళ్లేలను రెండు రోజులకే పారెయ్యకుండా ఐదు రోజులు వదిలేస్తే పెరిగాయి. తొందరపడి ఇన్నాళ్లూ పారేస్తూ వచ్చారన్నమాట. మార్షల్ వాటిని గ్లాసులో పోసుకుని తాగిన కథ అందరూ చెబుతారు, 2005 నోబెల్ సంగతీ అందరికీ తెలుసు. ఆ హడావుడిలో మరుగున పడ్డది 1980ల నడుమ ఆయన తయారుచేసిన ఈ పసుపు జిగురు బిళ్ల. దాని తెలివి ఎంత సాదా అంటే, దొంగకు దుప్పటి ఎదురిచ్చి చూడడమే. యూరియా కనబడగానే పైలోరికి అలవాటైన పని ఒక్కటే, విరవడం. విరిస్తే అమోనియా. అమోనియా తగిలితే ఫినాల్ రెడ్‌కు తెలిసిన పని కూడా ఒక్కటే. ప్రాణం కాపాడుకోవడానికి నేర్చిన విద్య ఆ గుంటలో దాని మీదే చాడీ చెబుతుంది. మైక్రోస్కోపు అక్కర్లేదు, పెంచే పళ్లెం అక్కర్లేదు, రంగు తెలిసిన కన్నుంటే చాలు.

అయితే బిళ్ల పని ముక్క మీద, ముక్క పని చేతి మీద ఆధారపడి ఉంటుంది. ఆ చేతిని నేను తెర మీద చూశాను. చిన్నాయన ఎడమవైపు ఒత్తిగిలి పడుకున్నాడు, పళ్ల మధ్య ప్లాస్టిక్ కట్టు. డాక్టరుగారి ఎడమచేతిలో గొట్టం పిడి. బొటనవేలితో రెండు చక్రాలు తిప్పుతూ, చూపుడువేలితో గాలీ నీళ్లూ వదులుతూ, కుడిచేత్తో గొట్టాన్ని చిటికెల్లో తోస్తున్నాడు. తోయడం కంటే మెలి తిప్పడమే ఎక్కువ. గొంతు దాటేటప్పుడు మాత్రం ఆగాడు. "గుటక వెయ్యండి పెద్దాయనా" అని, ఆ గుటక దారి ఇచ్చిన క్షణంలో జారిపోయాడు. పేగులోకి పోయే ద్వారం దగ్గర గులాబీ గోడ మీద ఎర్రటి చారలు. పైలోరస్ అంటే గ్రీకులో ద్వారపాలకుడట, ఈ క్రిమికి ఆ పేరు అక్కడినుంచే వచ్చింది. డాక్టరుగారు "ఓపెన్" అనగానే, సన్నటి తీగ కొసన రెండు చిప్పల పట్టకారు నోరు తెరిచింది. "క్లోజ్." అవతల తీగ పట్టుకున్న అబ్బాయి చేతిలో బిగువు సరిగ్గా ఉండాలి. వదులైతే ముక్క జారుతుంది, గట్టిగా లాగితే నలుగుతుంది. ద్వారం దగ్గర ఒకటి, పైన ఇంకొకటి తీశారు. క్రిమి అంతటా ఒకేలా ఉండదు కాబట్టి ఒక్కచోటి ముక్కను నమ్మలేరు.

రెండేళ్ల కిందట ఇంకోచోట ఇదే పరీక్ష చేస్తే బిళ్ల పసుపుగానే ఉండిపోయింది. "ఏం లేదు, గ్యాసే" అని పంపించారు. ఆ పొద్దు కూడా చిన్నాయన తెల్లవారగానే గ్యాసు గోలి వేసుకునే బస్సెక్కాడు. వేసుకున్నావా అని అడిగినవాళ్లు లేరు. ఆ గోలీలు ఆమ్లాన్ని తగ్గిస్తాయి, దాంతో పాటు క్రిమి సంఖ్యనూ తగ్గిస్తాయి, పైకి తరిమేస్తాయి. అప్పుడు ముక్కలో ఉన్న కాసిని క్రిములకు జిగురు రంగు మార్చే బలం ఉండదు. అందుకే పరీక్షకు రెండు వారాల ముందు ఆ గోలీలు, నాలుగు వారాల ముందు యాంటీబయాటిక్‌లు ఆపాలి. బిళ్లకున్న పెద్ద లోపం ఇది, దాన్ని ఒక్క ప్రశ్నతో దాటొచ్చు. ఇంటింటా ఆ గోలి పప్పూ ఉప్పూలా వాడే మన దగ్గర ఆ ప్రశ్న అడగకపోవడం నాకు పెద్ద తప్పే అనిపిస్తుంది. ఈసారి పరీక్షకు ముందు రాసిచ్చిన చీటీ మీద మొదటి వరస అదే: గోలీలు బంద్, 14 రోజులు. ఆ 14 రోజులూ రాత్రిళ్లు ఛాతీ మీద చెయ్యేసుకుని కూర్చున్నాడు చిన్నాయన.

తేలాక మళ్లీ 14 రోజులు, ఈసారి మందులు. నాలుగు రకాలు: ఆమ్లం తగ్గించేది ఒకటి, బిస్మత్, మెట్రోనిడజోల్, టెట్రాసైక్లిన్. మొదటి రకంలో ఒకప్పుడు బాగా ఖరీదైన ఒమెప్రజోల్‌ను ఒమెజ్ పేరుతో ఊరూరికీ చేర్చింది మన అంజిరెడ్డి పెట్టిన డాక్టర్ రెడ్డీసే. బిస్మత్‌తో నాలుక నల్లబడుతుంది, దొడ్డికి నల్లగా వస్తుంది, భయపడొద్దని ముందే చెప్పారు. మెట్రోనిడజోల్ వాడినన్నాళ్లూ కల్లు ముట్టొద్దన్నారు. ఆయన మొహం అక్కడ వాడింది. టెట్రాసైక్లిన్ పాలతో పెరుగుతో వేసుకోవద్దు, సున్నపు ధాతువు దాన్ని కట్టేస్తుంది.

ఆ నాలుగో మందు దగ్గర సుబ్బారావు మళ్లీ ఎదురవుతాడు. ఆ కుటుంబానికి కడుపు జబ్బు కొత్తది కాదు. తోడబుట్టినవాళ్లు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆయనకూ అదే వస్తే మద్రాసులో ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నాడు. 1940లో లెడర్లే ప్రయోగశాలలకు వెళ్లాక ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను తయారుచేసింది. అదే చోట, ఆయన పరిశోధనలు నడిపిస్తున్న కాలంలోనే, డగ్గర్ అనే ముదుసలి వృక్షశాస్త్రవేత్త మిస్సోరీ పొలం మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి బంగారు రంగు మందు తీశాడు, పేరు ఆరియోమైసిన్. అది లోకానికి తెలిసిన 1948లోనే ఆగస్టులో సుబ్బారావు పోయాడు. ఆరియోమైసిన్‌లోంచి క్లోరిన్ తీసేస్తే టెట్రాసైక్లిన్, ఆ పని తర్వాత ఫైజర్‌లో లాయిడ్ కానోవర్ చేశాడు. ఇవాళ ఉష్ణదేశపు స్ప్రూకు ఇచ్చే మందులు రెండు, ఫోలిక్ ఆసిడ్, టెట్రాసైక్లిన్. తోడబుట్టినవాళ్లకు అందని రెండు మందుల పుట్టుకలోనూ ఆయన చెయ్యి ఉంది. చిన్నాయన పూటపూటా మింగే ఆ గోలిలో భీమవరం పాలు ఎంతో నేను చెప్పబోతే, "ఇగ ఎన్ని దినాలు మింగాలె చెప్పు" అన్నాడు.

మందులైపోయిన నెలకు మళ్లీ పరీక్ష. ఈసారి గొట్టం లేదు, ఊపిరి పరీక్ష. అదీ నడిచేది బిళ్ల తెలివి మీదే. గుర్తు పెట్టిన కార్బన్ ఉన్న యూరియాను మింగిస్తారు. లోపల క్రిమి మిగిలుంటే దాన్ని విరుస్తుంది, అమోనియాతో పాటు బొగ్గుపులుసు వాయువు పుడుతుంది, గుర్తున్న ఆ గాలి నెత్తుటి మీదుగా ఊపిరిలో బయటపడుతుంది. క్రిమి లేకపోతే యూరియా యూరియాలానే పోతుంది.

గదిలో అమ్మాయి చిన్న గోలీ, గ్లాసెడు నీళ్లు చేతికిచ్చింది.

"ఇదేం గోలి బిడ్డా?"

"యూరియా, పెద్దాయనా."

చిన్నాయన గోలీని వెలుతురుకు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ వానాకాలం సొసైటీ ముందు రెండు దినాలు లైన్ల నిలబడి ఒక్క బస్తా కూడా దొరకక తిరిగొచ్చినవాడు.

"మాకు లైన్ల నిలవడ్డా దొరకని యూరియా, గా పురుగుకు ఇన్నేండ్లు ఇంట్ల కూసుంటే దొరికిందా!" అన్నాడు. గోలి మింగి, సంచీ నోటికి పెట్టుకుని, పొయ్యి ఊదినట్టు గట్టిగా ఊదాడు.